మూడు రాళ్ళ గోరీ

వదీమా నోటికి జడిసి ఆ ఇంట్లో టీవీ కూడా గొంతు తగ్గించుకుంటుందని ఆమె మరిది ముసబ్బెహ్ అంటూ ఉంటాడు. అన్నాక ఒక అడుగు వెనక్కి వేస్తాడు. డెబ్బై దాటినా ఆవిడ చేతికర్ర విసురు ఏమీ తగ్గలేదు మరి.

అరబ్బు ఎడారిలో అల్ అయిన్ ఊళ్ళో ప్రభుత్వం కట్టిచ్చిన ఇల్లు. గదికో ఏసీ, కొడుకులకి తలా ఒక కారు, ఏ లోటూ లేదు. అయినా ఖర్జూరం కోతలు అయిపోయి, తెల్లవారుజామున గాలి కాస్త చల్లబడిందో లేదో, ఆవిడకి ఇంట్లో కాలు నిలవదు. జబల్ హఫీత్ కొండ తూర్పు పాదం దగ్గర, పాతవాళ్ళ గోరీలకు కాస్త ఇవతల, గుడారం పడాల్సిందే. పెద్దకొడుకు సైఫ్ ఏటా ఒకసారి సణుగుతాడు.

"అమ్మా, ఇసుకేగా నీకు కావలసింది? మనింటి వెనకాలే బోలెడుంది. అక్కడ వేసుకోరాదూ?"

"మీ నాన్న వేసిన చోటే వేస్తాను. నీకు బరువైతే చెప్పు, ఒంటె మీద వేసుకుని నేనే పోతాను."

"ఒంటెల్ని అమ్మేశాంగా."

"అమ్మింది నువ్వే."

దాంతో సైఫ్ నోరు మూసుకుని గుడారం గుంజలు కారెక్కించేవాడు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని కోడళ్ళు వంటింట్లో గొణుక్కునేవారు. ఆవిడ చెవులు మాత్రం పాముచెవులు. విని, విననట్టు నవ్వుకునేది.

పాతవాళ్ళ గోరీలంటే కొండ కింద రాళ్ళు పేర్చి కట్టిన గుండ్రటి కట్టడాలు. బాగున్నవి వడ్ల గాదెల్లా ఉంటాయి, కూలిపోయినవి రాళ్ళకుప్పల్లా ఉంటాయి. ప్రవక్త రాకముందు, ఆయనకు ముందు వచ్చినవాళ్ళు కూడా రాకముందు, ఎవరో కట్టుకున్నారు. వాళ్ళ భాషేమిటో, దేవుడెవరో చెప్పగలిగినవాళ్ళు ఎవరూ లేరు. ఆ రాళ్ళ మధ్య జిన్నులు కాపురముంటాయనీ, అటు పోతే జ్వరం పట్టుకుంటుందనీ తల్లులు పిల్లల్ని బెదిరించేవారు. మేకల కోసం అటు వెళ్ళిన మగవాళ్ళు కూడా బిస్మిల్లా అనుకుంటూనే వెళ్ళేవారు.

వదీమా అక్కడికి వచ్చేది వాటి కోసం కాదు. వాటికి ఇవతల, తుమ్మచెట్టు కింద, మూడు రాళ్ళున్నాయి. వాటి కోసం. ఆ సీమలో మగవాడి గోరీకి రెండు రాళ్ళు, ఆడదాని గోరీకి మూడు. అంతకు మించి ఏమీ ఉండదు. పేరు రాయరు, పైన ఏమీ కట్టరు. మట్టిలో కలిసిపోయినవాళ్ళకి పేరెందుకు, పేరు పెట్టి పిలిచేవాడికి అందరూ గుర్తే ఉంటారు అని పెద్దల మాట.

ఆ మూడు రాళ్ళ కింద ఉన్నది ఆవిడ మొదటి బిడ్డ, షమ్మా.

వదీమాకి పెళ్ళయ్యేనాటికి ఇంకా తలెత్తుకుని నడవడం కూడా తెలియదు. మొగుడు హుమైద్ నోరులేని మనిషి. పొద్దుటినుంచి రాత్రి దాకా నాలుగు మాటలు మాట్లాడితే అందులో రెండు ఒంటెతోనే. ఎండాకాలం ఒయాసిస్సులో ఖర్జూరపు తోటల కింద, చలికాలం కొండ పాదాన మేకలతో, అలా తిరిగేవారు. పిల్ల పుట్టింది ఒక చలికాలంలో, మేకవెంట్రుకల గుడారంలో. నెల నిండేసరికి దగ్గు పట్టుకుంది. దగ్గి దగ్గి నీలంగా మారిపోయేది. ఒక మధ్యాహ్నం దగ్గు ఆగింది. ఆగింది కదా అని తల్లి సంబరపడి ఎత్తుకుని చూస్తే పిల్లలో ప్రాణం లేదు.

బాలింత నలభై రోజులు గుడారం దాటకూడదు. దాటినా పాతిపెట్టేటప్పుడు ఆడవాళ్ళు గోరీ దాకా వెళ్ళకూడదు. హుమైద్ తన తలగుడ్డ విప్పి అందులో బిడ్డను చుట్టాడు. అప్పుడప్పుడే మీసాలు మొలుస్తున్న తమ్ముడు ముసబ్బెహ్‌ని వెంటపెట్టుకుని వెళ్ళాడు. పొద్దు వాలాక ఇద్దరూ తిరిగొచ్చారు. వదీమా అడిగింది. "పెట్టాం" అన్నాడు. అంతే.

నలభై నిండేదాకా ఆవిడ ఆ ఒక్క మాట పట్టుకుని బతికింది. గుడారం దాటిన రోజే మొగుడి చెయ్యి పట్టుకుంది. "చూపించు" అంది. ఆయన తుమ్మచెట్టు దాకా తీసుకొచ్చి, మూడు రాళ్ళ వైపు వేలు చూపించి, తలొంచుకుని నిలబడ్డాడు. గోరీ కాస్త పొడుగ్గా ఉందని వదీమాకి అప్పుడే అనిపించింది. ఇంత పిల్లకి ఇంత చోటెందుకు? బిడ్డ పెరుగుతుందని చోటు వదిలాడేమో పిచ్చి తండ్రి, అనుకుంది. అనుకున్నాక దుఃఖం ఇంకా పొంగుకొచ్చి ఆ రాళ్ళ మీద పడి ఏడ్చింది.

తర్వాత అయిదుగురు మగపిల్లలు. ఆడపిల్ల మళ్ళీ పుట్టలేదు. ప్రతి చలికాలం ఆవిడ ఆ గోరీ మీద నీళ్ళు పోసింది, ముళ్ళు ఏరింది, కూర్చుని కబుర్లు చెప్పింది. షమ్మాకి తమ్ముళ్ళు పుట్టిన సంగతి చెప్పింది. ఊళ్ళో కరెంటు వచ్చిన సంగతి, కోడళ్ళ మీద చాడీలు, అన్నీ చెప్పింది. మొగుడు మాత్రం గహ్వా కాఫీ కప్పు పట్టుకుని గుడారం ముందు అటు తిరిగి కూర్చునేవాడు. "కన్నకూతురి వైపు వీపు పెట్టి కూర్చుంటావే, నీది గుండెకాయా, గులకరాయా?" అని ఆవిడ కేకలేసేది. ఆయన పాతవాళ్ళ గోరీల వైపు చూస్తూ కప్పు ఖాళీ చేసేవాడు. ఆ మనిషి పోయి కూడా చాలా ఏళ్ళయింది. ఊళ్ళో శ్మశానంలో రెండు రాళ్ళ మధ్య ఉన్నాడు.

ఇలా ఉండగా కొండ చుట్టూ పార్కు వచ్చింది. కంచె వచ్చింది, గేటు వచ్చింది, కొండమేకల్ని కాపాడాలి కాబట్టి ఊరిమేకలు రాకూడదన్న రూలు వచ్చింది. ఆ రూలు చెప్పడానికి వచ్చిన పిల్ల పేరు అఫ్రా. పాతవాళ్ళ గోరీల గురించి చదువుకున్న పిల్ల, అక్కడే ఉద్యోగం. వదీమా ఆ పిల్లని గేటు దగ్గరే నిలబెట్టి కడిగేసింది.

"నా మేకలు తింటే గడ్డి అయిపోతుందా? నీ కొండమేకలు తింటే అవదా?"

"అవి కాసిన్నే మిగిలాయి అమ్మమ్మా. నీ మేకలు ఊరినిండా ఉన్నాయి."

"ఊరినిండా ఉన్నవాళ్ళకి ఆకలెయ్యదా?"

అఫ్రా ఫక్కున నవ్వింది. ఆ నవ్వుతో వదీమా కోపం సగం దిగిపోయింది. మేకలు రాలేదు గానీ, చలికాలం గుడారానికి మాత్రం అనుమతి దొరికింది. అప్పటినుంచి పని ముగించుకుని వెళ్తూ అఫ్రా గుడారంలో ఒక కప్పు గహ్వా తాగి, రెండు ఖర్జూరాలు నోట్లో వేసుకుని, నాలుగు తిట్లు తిని వెళ్ళేది.

మొన్నటి చలికాలం మొదట్లో అఫ్రా ఒక కబురు తెచ్చింది. చూడవచ్చేవాళ్ళ కోసం గోరీల మధ్యనుంచి నడకదారి వేస్తున్నారు. కొండ కింద ఎవరి కుటుంబాల గోరీలు ఉన్నా ఫలానా రోజు వచ్చి చూపిస్తే, దారిని పక్కకి తిప్పి, చుట్టూ చిన్న గోడ కట్టి, ఎవరి కాలూ పడకుండా చూస్తామని ఊరూరా చెప్పారు.

"ఎవరూ రాకపోతే?" అంది వదీమా.

"ఎవరిదో తెలియని దాన్ని ఏం చెయ్యాలో పెద్దలు ఆలోచిస్తారు. నీ భయమేంటి అమ్మమ్మా, నువ్వున్నావుగా."

ఆ రోజు వదీమా కొత్త ముసుగు వేసుకుని, కొడుకునీ మరిదినీ వెంటేసుకుని, అందరికంటే ముందే తుమ్మచెట్టు కింద నిలబడింది. ముసబ్బెహ్ మాత్రం ఒంట్లో బాగోలేదని పొద్దుటినుంచి నసుగుతూనే ఉన్నాడు. "బాగోకపోతే గోరీ పక్కనేగా ఉన్నాం, ఇంకా నయం" అని ఆవిడ లాక్కొచ్చింది.

అఫ్రా వచ్చి కొలతల టేపు తీసేలోగా ఒక పాత కారు వచ్చి ఆగింది. అందులోంచి ఒక ముసలాయన దిగాడు. బురైమీ అవతల పల్లె నుంచి వచ్చాడు, పేరు సువైదాన్. ఆయన వెనక ఇద్దరు కొడుకులు. సరాసరి మూడు రాళ్ళ దగ్గరికి వచ్చి, సలాం చెప్పి, వదీమాని ఎగాదిగా చూశాడు.

"ఎవరమ్మా నువ్వు? మా అమ్మ తల దగ్గర నిలబడ్డావు?"

"నీ అమ్మేంటి? ఇది నా కూతురు."

"కూతురా? ఎంత పిల్ల?"

"నెల నిండిన పిల్ల."

సువైదాన్ గోరీ వంక చూశాడు, ఆవిడ వంక చూశాడు. "నెల పిల్లకి ఇంత గోరీయా?"

"నా మొగుడిది పెద్ద మనసు. నీకేం నొప్పి?"

"అక్కా, నీతో తగువుకి రాలేదు నేను. మా అమ్మ నన్ను కని చచ్చిపోయింది. మా నాన్న ఈ తుమ్మచెట్టు కింద పెట్టాడు. గోరీ మీద పేరు రాయకూడదు కదా, రేపు నా కొడుకు ఎలా గుర్తుపడతాడని, కాళ్ళవైపు రాయి అడుగున మా ఒంటెలకి వేసే వాత గుర్తు గీసి పాతాడు. చచ్చిపోయే ముందు చెప్పాడు నాకు. మేమేమో బతుకుతెరువుకని కువైట్ పోయి అక్కడే ఉండిపోయాం. తిరిగొచ్చాక మాత్రం ఏదీ, ఎక్కడ వెతకను, ఈ కొండంతా తుమ్మచెట్లే. వంకర మొదలున్న చెట్టన్నాడు. ఇదిగో, వంకర మొదలు."

"వంకర మొదళ్ళు ఈ కొండకింద కుప్పలున్నాయి" అంది వదీమా. గొంతులో మాత్రం మునుపటి జోరు లేదు.

అఫ్రా ఇద్దరినీ చూసింది. గోరీని ముట్టుకోకుండా, కాళ్ళవైపు రాయి ఒక్కటే కాస్త కదిపి చూద్దామంది. సువైదాన్ ఏదో చదువుకుంటూ వేళ్ళతోనే ఇసుక తోడాడు. రాయి పక్కకి ఒరిగింది. మట్టి తుడిచాడు. వంకీ తిరిగిన గీత, దాని పక్కన రెండు గుంటలు. ఆయన కొడుకు జేబులోంచి తాళాల గుత్తి తీసి చూపించాడు. గుత్తికి కట్టిన తోలుముక్క మీద అదే వాత. ఆ ముసలాయన రాయి మీద చెంప ఆనించి, గడ్డం తడిసేలా ఏడ్చాడు.

మొగుడు పోయిన రోజు కూడా వదీమా నోరు అంతసేపు మూతపడలేదు. సైఫ్ భయపడి మోచెయ్యి పట్టుకున్నాడు. యాభై ఏళ్ళ పైగా తను నీళ్ళు పోసింది ఎవరి తల్లి మీదో. కబుర్లు చెప్పింది ఎవరికో. మరి తన పిల్ల ఏదీ?

ఆవిడ సువైదాన్‌ని అడగలేదు, అఫ్రాని అడగలేదు. మెల్లగా తల తిప్పి మరిది వైపు చూసింది. ముసబ్బెహ్ తన చెప్పుల వంక చూసుకుంటున్నాడు.

"ఒరేయ్ ముసబ్బెహ్, నా పిల్లని ఎక్కడ పెట్టార్రా?"

"వదినా, గుడారంలో కూర్చుని..."

"ఇక్కడే చెప్పు. ఇన్నేళ్ళూ కూర్చునే ఉన్నాను."

ముసబ్బెహ్ ఆ ఇసుకలోనే కూలబడ్డాడు.

"ఆ ముందురోజు వాన పడింది వదినా. వాగు వచ్చి మెత్తటి మట్టంతా ఊడ్చుకుపోయింది. ఎక్కడ తవ్వినా రాయే. జానెడు లోతు దిగలేదు. గడ్డపార వంగిపోయింది. అన్న చేతులు రక్తాలు కారాయి. జానెడు లోతున పెడితే రాత్రికి నక్కలు తోడేస్తాయి. ఆ నక్కలు అప్పుడే కొండవార నిలబడి చూస్తున్నాయి కూడా. పొద్దు వాలిపోతోంది. అన్న ఒక్కసారిగా బిడ్డనెత్తుకుని పాతవాళ్ళ గోరీల వైపు నడిచాడు. నేను వద్దు వద్దని వెనకాల పడ్డాను. వినలేదు. అదిగో, వాగు ఒడ్డున, పైకప్పు కూలి గుమ్మం మిగిలిందే, అందులోకి పాక్కుంటూ వెళ్ళి లోపల గోడవార పడుకోబెట్టాడు. నమాజు చదివే పెట్టాం వదినా, అల్లా సాక్షి. గుమ్మానికి పెద్ద పెద్ద రాళ్ళు అడ్డంపెట్టాం. నక్క కాదు కదా, తేలు కూడా దూరదు."

"మరి ఇది?"

"నువ్వు చూపించమని పట్టుబట్టావు. అల్లా పేరు తెలియనివాళ్ళ మధ్య పెట్టానని ఏ నోటితో చెప్తాడు? దారిలో ఈ మూడు రాళ్ళు కనపడ్డాయి. వేలు అటు లేచింది. లేచిన వేలు మళ్ళీ దింపుకోలేకపోయాడు. నా చేత ఒట్టేయించుకున్నాడు."

అప్పుడు తెరుచుకుంది ఆవిడ నోరు. చచ్చిన మొగుణ్ణి పేరు పెట్టి తిట్టింది. "యాభై ఏళ్ళు! నేనిక్కడ బండరాళ్ళు పట్టుకుని ఏడుస్తుంటే నా కళ్ళెదుట గహ్వా తాగుతూ కూర్చున్నాడే! ఒక్క మాట! ఒంటెకి చెప్పే మాటల్లో ఒక్కటి నాకు చెప్తే ముత్యాలు రాలిపోతాయా?" చేతికర్రతో ఇసుకని కొట్టింది. తుమ్మచెట్టుని కొట్టింది. ముసబ్బెహ్‌కీ ఒకటి తగిలింది, ఆయన తప్పుకోలేదు.

"అన్న నీకు వీపు పెట్టి కూర్చునేది ఎందుకనుకున్నావు వదినా?" అన్నాడు భుజం రుద్దుకుంటూ. "షమ్మా అటే కదా ఉంది."

కర్ర చేతిలోంచి జారిపోయింది. ఆవిడ వాగు ఒడ్డున ఉన్న ఆ రాళ్ళకుప్ప వైపు చూసింది. జీవితంలో మొదటిసారి చూస్తున్నట్టు చూసింది. ఆ మనిషి ఇన్నేళ్ళూ ఒక్కడే చూసుకున్నాడన్నమాట. కోపం ఎక్కడికీ పోలేదు. కాకపోతే దాని కింద జాలి ఒకటి వచ్చి చేరింది, అది ఇంకా బరువుగా ఉంది.

అఫ్రా మొహం మాత్రం తెల్లబోయింది. అమ్మమ్మా అని పిలిచి, చెప్పాల్సింది చెప్పేసింది. ఈ చలికాలం విప్పి, తిరిగి పేర్చి నిలబెట్టాలనుకున్న గోరీల్లో వాగు ఒడ్డున ఉన్నదే మొదటిది. లోపలి మట్టంతా జల్లెడ పడతారు. ఎముకలుంటే తీసి, శుభ్రం చేసి, పెట్టెల్లో పెట్టి దాస్తారు.

"పెట్టె మీద ఏమని రాస్తారు?"

"ఐదువేల ఏళ్ళ నాటివని."

"నా పిల్లకా? ఐదువేల ఏళ్ళా? నెల నిండి నాలుగు రోజులు కూడా కాలేదే!" అంది వదీమా. ఈసారి కోపం కాదు, బావురుమంది.

ఇప్పుడు తెలిసింది కాబట్టి అలా జరగదని అఫ్రా ఆవిడ చేతులు పట్టుకుని మాటిచ్చింది. కానీ ఏం జరగాలో తల్లే చెప్పాలంది. జాగ్రత్తగా వెతికి, బిడ్డని తీసి, ఊరి శ్మశానంలో పెట్టుకోవచ్చు. అప్పుడు గోరీని విప్పే పని యథాప్రకారం సాగుతుంది. అలా కాదు, అక్కడే ఉంచాలంటే ఆ గోరీని ఎవరూ ముట్టుకోకుండా వదిలెయ్యాలి. అందుకు పైవాళ్ళు ఒప్పుకోవాలి. ఒప్పుకుంటారని ఆ పిల్ల చెప్పలేకపోయింది.

సైఫ్‌కి ఆలోచించాల్సిందేమీ కనపడలేదు. "ఇంకేముందమ్మా, నాన్న పక్కనే పెడదాం. నాన్న చెయ్యలేనిది మనం చేద్దాం. ముస్లిం బిడ్డ, ముస్లింల మధ్య ఉండాలి" అన్నాడు. తప్పేముంది ఆ మాటలో? వదీమాకి కూడా తప్పు కనపడలేదు. తండ్రి పక్కన బిడ్డ. రెండు రాళ్ళ పక్కన మూడు చిన్న రాళ్ళు. తలుచుకుంటేనే గుండె నిండిపోయింది. సరేనందామని నోటిదాకా వచ్చింది కూడా. ఎందుకో అనలేదు. ఒక్క రోజు ఆగమంది.

మర్నాడు పొద్దున సువైదాన్ గుడారానికి వచ్చాడు. మూకుడు నిండా హరీస్ తెచ్చాడు. గోధుమా మాంసమూ మెత్తగా ఉడికి పొగలు కక్కుతోంది. గుడారం బయటే చాప మీద కూర్చున్నారు.

"అక్కా, నీ రుణం ఎలా తీర్చుకోను? మా అమ్మ గోరీ మీద ఇన్నేళ్ళూ నీళ్ళు పోశావు."

"రుణమూ లేదు, గిణమూ లేదు. నీ అమ్మని తెలిస్తే పోసేదాన్నా? నా కూతురనుకుని పోశాను. ఆవిడ మీద నా కోడళ్ళ చాడీలన్నీ కుమ్మరించాను. పాపం, విసిగి చచ్చుంటుంది."

"చచ్చే ఉందిగా" అన్నాడు సువైదాన్. ఇద్దరికీ నవ్వొచ్చింది. నవ్వాక ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. "మా నాన్న కూడా పరదేశే అక్కా ఈ కొండకి. దారిన పోతూ ఉంటే అమ్మకి నొప్పులొచ్చాయి. మా గుంపు ముందుకెళ్ళిపోయింది. ఈ కొండకింద ఎవరో మేకలవాళ్ళ గుడారంలోకి తీసుకుపోయాడు. ఎవరూ, ఏ తెగ అని వాళ్ళడగలేదు. నన్ను బయటికి లాగింది ఆ గుడారం ఆడవాళ్ళే. నాకు మొదటి పాలిచ్చింది కూడా వాళ్ళేనట. వాళ్ళ పేరు మా నాన్న కూడా అడగలేదు. ఇంటికొచ్చినవాణ్ణి అడగకూడదు, పెట్టినవాళ్ళని అడగబుద్ధి కాలేదు అనేవాడు."

ఆయన వెళ్ళిపోయాక వదీమా హరీస్ ముట్టుకోలేదు. వచ్చినవాడు ఎవరని అడగకుండా అన్నం పెట్టడం ఆవిడకి ఎవరూ నేర్పిన సంగతి కాదు. పుట్టినప్పటినుంచి చేతులకి అలవాటైన పని. మూడు రోజులు తిన్నాక గానీ పేరు అడగకూడదు. గుడారంలో తల దాచుకున్నవాడు శత్రువే అయినా, వాణ్ణి బయటికి లాగబోయినవాళ్ళ మీదికి ఇంటివాళ్ళు కత్తి తియ్యాలి. అది తాతలనాటి మాట. మరి తాతల తాతలకి? అంతకు ముందువాళ్ళకి? ఈ ఎండా ఈ ఇసుకా అప్పుడూ ఇంతేగా. దారి తప్పినవాడు అప్పుడూ వచ్చే ఉంటాడుగా. ఇలా ఆలోచిస్తూ ఉండగానే ఆవిడ మనసులో ఏదో తేలికపడింది.

మధ్యాహ్నం కొడుకునీ, మరిదినీ, అఫ్రానీ పిలిచింది.

"షమ్మా అక్కడే ఉంటుంది" అంది.

"అమ్మా! ఆ కాఫిర్ల మధ్యా?" అన్నాడు సైఫ్.

"నోరు కడుక్కో. వాన, చీకటి, నక్కలు. మీ నాన్న బిడ్డనెత్తుకుని వాళ్ళ గుమ్మంలోకి పోయాడు. నువ్వెవరివి, నీ దేవుడెవరు, మా ఇంట్లో నీకేం పని అని వాళ్ళడిగారా? చోటిచ్చారు. నా పిల్ల వాళ్ళ అతిథిరా. యాభై ఏళ్ళు ఒక్క నక్కని రానివ్వలేదు. ఇప్పుడు నేను గడ్డపార పట్టుకుపోయి, వాళ్ళ ఇల్లు విప్పి, వాళ్ళ ఎముకల్ని జల్లెడ పట్టి, ఇది నాది, ఇది నాది కాదు అని ఏరుకోనా? అన్నం పెట్టిన ఇంటిని ఎవరైనా అలా చేస్తారా? మన ఇంట్లో ఉన్నవాణ్ణి అలా లాక్కుపోతే నువ్వూరుకుంటావా?"

సైఫ్ ఏదో అనబోయాడు. ముసబ్బెహ్ వాడి భుజం మీద చెయ్యేసి వద్దన్నట్టు తలూపాడు.

"అఫ్రా, నువ్వు మీ పెద్దలకి చెప్పు. ఇంకో గోరీ విప్పుకోమను, ఇక్కడ వాటికేం కరువు? దీన్ని మాత్రం కుప్పగానే ఉండనియ్యమను. బోర్డు వద్దు, నా పేరొద్దు. ఒప్పుకోకపోతే నేనే వచ్చి ఆ గుమ్మంలో పడుకుంటాను, నన్నూ జల్లెడ పట్టుకోమను."

అఫ్రా నవ్వలేదు. తలూపి వెళ్ళింది. ఆ తర్వాత రోజులు వదీమాకి గడవలేదు. తిండి సయించలేదు. పార్కు కారు కనపడితే చాలు, లేచి నిలబడేది. అది పక్కనుంచి వెళ్ళిపోతే కూర్చునేది. ఒప్పుకోరేమో, తను పట్టుబట్టి బిడ్డకి తండ్రి పక్కన చోటు కూడా పోగొట్టిందేమో అని మొదటిసారి భయపడింది. ఆ భయంతో ఎవర్నీ తిట్టడం కూడా మానేసింది. కోడళ్ళు హడలిపోయి ఊరినుంచి చూడ్డానికొచ్చారు.

ఒక సాయంత్రం అఫ్రా కారు గుడారం దగ్గరే ఆగింది. దిగుతూనే, "ఒప్పుకున్నారు అమ్మమ్మా" అంది. "దారి అవతలి ఒడ్డు నుంచి పోతుంది. దాన్నెవరూ ముట్టుకోరు."

వదీమా వెంటనే బయల్దేరింది. ముసబ్బెహ్ వెనకాల నడిచాడు. వాగులో గులకరాళ్ళ మీద కాళ్ళు తడబడుతున్నా ఆసరా ఇవ్వబోతే విదిలించింది. కుప్ప దగ్గరికి వచ్చేసరికి కొండ నీడ దాన్ని కప్పేసింది. గుమ్మానికి అడ్డంగా రాళ్ళు అలాగే ఉన్నాయి. అందులో పెద్ద రాయి మీద ఆవిడ అరచెయ్యి ఆనించింది. యాభై ఏళ్ళ కిందట మొగుడు రక్తం కారే చేతులతో ఎత్తి పెట్టిన రాయి. ఏం చెయ్యాలో తోచలేదు. ఇక్కడ ఏ దువా చదవాలి? ఈ ఇంట్లో ఒకరు తనవాళ్ళు, మిగతావాళ్ళెవరో తెలియదు.

మనిషి ఎవరింటికి వెళ్ళినా గుమ్మం ముందు ఆగి హూద్ అని కేకేస్తాడు. లోపలివాళ్ళు సర్దుకుని, రమ్మని హిదా అంటూ బదులు పలికాకే అడుగు లోపల పెడతాడు. వదీమా ముసుగు సరిచేసుకుంది. వంగి, గుమ్మంలోని రాళ్ళ సందుకి నోరు దగ్గరపెట్టి పిలిచింది.

"హూద్! హూద్! ఇంట్లో ఎవరమ్మా? షమ్మా తల్లిని వచ్చాను."

లోపలినుంచి ఏమీ రాలేదు. ఆవిడ చెవి రాయికి ఆనించి అలాగే వంగి నిలబడింది. నడుం వణుకుతోంది, అయినా లేవదు. ఇంటివాళ్ళు పలకనిదే లేచి పోవడం ఆవిడకి తెలియదు.

వెనకాల ముసబ్బెహ్ ఆ వీపు చూడలేకపోయాడు. లోపలివాళ్ళ తరఫున తనే పలికాడు.

"హిదా, వదినా. రా."